మచ్చిక బావగారు

హ్యూస్టన్ పక్కన కేటీలోనో షుగర్‌ల్యాండ్‌లోనో శనివారం పొద్దున ఏ తెలుగువాళ్ల వీధిలోకి తిరిగినా ఒక గ్యారేజీ తలుపు సగం ఎత్తి ఉంటుంది. రెండు కార్లూ బయట ఎండలో మాడుతుంటాయి. లోపల స్టాండు మీద నీలం రంగు బైకు ఒకటి చల్లగా నిలబడి ఉంటుంది. దాని ముందు చిన్న స్టూలు మీద, వారమంతా క్లౌడు మైగ్రేషన్లు చేసి అలిసిన మనిషి ఒకాయన, నోట్లో టార్చిలైటు కరుచుకుని కూర్చుని ఉంటారు. ఆయనే బావగారు. ఎవరికి బావగారని అడక్కండి. అసోసియేషన్లో అందరికీ బావగారే.

ఈ జబ్బు ఇక్కడ పుట్టింది కాదు, ఊరి నుంచి తెచ్చుకున్నదే. 1985లో మన రోడ్ల మీదికొచ్చి 1996లో తయారీ ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100 మీద ఆయన కాలేజీ రోజుల్లో మనసు పడ్డారు. "ముందు డిగ్రీ రానీ, చూద్దాం" అన్నారు నాన్నగారు. డిగ్రీ వచ్చింది. వీసా వచ్చింది. గ్రీన్‌కార్డు వచ్చింది, పొట్ట వచ్చింది, అద్దాల కింద ఇంకో అద్దాలొచ్చాయి. బండి మాత్రం రాలేదు. యాభై దగ్గర పడుతుండగా, ఆ లోటు తీర్చుకోవడానికి యమహావాళ్లదే వైజెడ్ 125 కొన్నారు.

ఆర్‌ఎక్స్‌కు తమ్ముడే కదా అనుకున్నారు పాపం. ఆర్‌ఎక్స్‌ది 98 సీసీ, 11 గుర్రాల బలం. దీనిది పాతిక సీసీలే ఎక్కువ, బలం మాత్రం దాదాపు మూడింతలు. బరువు 95 కిలోలు. బావగారిదీ ఆ దరిదాపుల్లోనే. ఇది మోటోక్రాస్ పందేనికి చేసిన బండి. హెడ్‌లైటు లేదు, స్పీడోమీటరు లేదు, సెల్ఫ్ స్టార్టు లేదు. ఆఖరికి సైడు స్టాండు కూడా లేదు, ఎక్కడైనా ఆపితే చెట్టుకు ఆనించాలి. సీటు నేలకు దాదాపు మీటరెత్తు. కూర్చుంటే బావగారికి కాలి బొటనవేళ్లు మాత్రమే టెక్సాస్‌ను తాకుతాయి.

పందెం వేసే వయసు కాదు గనక, అడవి దారుల్లో నింపాదిగా తిరుగుదామనే ఆయన ఉద్దేశం. ఊరికి ఉత్తరంగా శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్టు ఉంది. పైన్ చెట్ల మధ్య బైకులు తిరగడానికి వదిలిన బాటలున్నాయి. మొదటి రోజు బావగారు యాక్సిలరేటరు పావు వంతు తిప్పారు. ఉలుకూ పలుకూ లేదు. సగం తిప్పారు. ఏదో గొణిగింది. ఇంకాస్త తిప్పారు. ఆ తర్వాత జరిగినదాన్ని ఆయన ఇప్పటికీ ఒకే వాక్యంలో చెబుతారు: "నేను చెట్టు దగ్గరికి వెళ్లలేదయ్యా, చెట్టే నా దగ్గరికొచ్చింది."

టూ-స్ట్రోకు ఇంజిను సంగతి కాస్త తెలియకపోతే బావగారి బాధ అర్థం కాదు. కాలిన పొగ బయటికి పోయే దారీ, కొత్త పెట్రోలు లోపలికొచ్చే దారీ ఇందులో కాసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. దాంతో కొంత కొత్త సరుకు కూడా పొగతో పాటే వీధిన పడబోతుంది. దాన్ని ఆపేది సైలెన్సరుకు ముందుండే పైపు. నడుమ లావెక్కి చివర సన్నబడే ఆ పైపులో పొగ తాకిడి కొనదాకా వెళ్లి, తగిలి, వెనక్కి వచ్చి, బయటపడబోయిన పెట్రోలును మళ్లీ సిలిండర్లోకి నెడుతుంది. అయితే ఆ తాకిడి సమయానికి రావాలి. పైపు పొడవు మారదు కాబట్టి అది సరిగ్గా సమయానికి వచ్చేది ఇంజిను ఒకానొక జోరులో తిరుగుతున్నప్పుడే. ఈ బండికి ఆ జోరు నిమిషానికి సుమారు 8,000 చుట్ల దగ్గర మొదలవుతుంది. దాని కింద మొద్దునిద్ర, దాని పైన పూనకం. నిద్రకూ పూనకానికీ మధ్య పలకరింపు లేదు.

ఆ పలకరింపు పెట్టించడమే బావగారు చేపట్టిన మహాకార్యం. దీన్నే ఆయన "మచ్చిక చెయ్యడం" అంటారు.

ముందు వెనక చక్రానికున్న 48 పళ్ల స్ప్రాకెట్ తీసి 51 పళ్లది వేశారు. "బావగారూ, జోరు తగ్గించాలంటే పళ్లు పెంచుతారేంటి?" అని ఎవరైనా అడిగితే ఆయన ముఖం వెలిగిపోతుంది. ఈ ప్రశ్న కోసమే ఆయన బతుకుతున్నారు. పళ్లు పెరిగితే నడక వేగంలోనూ ఇంజిను చురుగ్గా తిరుగుతుందనీ, నిద్రలోకి జారదనీ, క్లచ్చు అస్తమానం నలపక్కర్లేదనీ పేపరు నాప్కిన్ మీద బొమ్మ గీసి చెబుతారు. అది పెళ్లి భోజనమైనా సరే. తర్వాత ఇంజినుతో పాటు తిరిగే మ్యాగ్నెట్ మీద అదనపు బరువు బిగించారు. బలం ఏమీ తగ్గదు, ఇంజిను ఎగరడమూ ఆరిపోవడమూ కాస్త నిదానిస్తుంది, వెనక చక్రం బురదలో ఊరికే గింగిరాలు కొట్టదు. ఇది మాత్రం నిజంగా పనిచేసింది. బావగారు చేసినవాటిలో డబ్బుకు తగిన పని ఇదొక్కటేనని నా అభిప్రాయం.

అక్కడితో ఆగొచ్చు. ఆగితే ఆయన బావగారెందుకవుతారు? కింది జోరులో బలమిచ్చే లావుపాటి పైపొకటి తెప్పించారు. అడవిలోకి వెళ్లాలంటే నిప్పురవ్వలు బయటపడకుండా ఆపే సైలెన్సరు ఉండాలని అటవీశాఖ నియమం, అదీ కొన్నారు. పైపు మారితే కార్బొరేటరు జెట్లు మారాలి. ఎండాకాలం గాలి పలచన, చిన్న జెట్టు. చలికాలం గాలి చిక్కన, పెద్ద జెట్టు. ఇంట్లో పోపుల పెట్టెలా గ్యారేజీలో ఆయన జెట్ల పెట్టె ఉంది. గదికో సైజు, మూతకు లేబులు, పరాయివాళ్లు ముట్టరాదు. హ్యూస్టన్ వాతావరణం పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఇంకోటి. దాని వెంట పడి ఆయన జెట్టు మారుస్తారు, ప్లగ్గు విప్పి రంగు చూస్తారు, "కాస్త నలుపెక్కింది" అని మళ్లీ మారుస్తారు. వాళ్లావిడకు, అంటే మన అక్కయ్యకు, రక్తపోటు మాత్రలు మార్చినప్పుడు కూడా ఆయన ఇంత శ్రద్ధగా రంగు చూడలేదు.

దీనికి ఆయిలు పంపు లేదు. పెట్రోల్లో ఆయిలు మనమే కలపాలి. 30 పాళ్లకు ఒక పాలా, 40కి ఒకటా అన్న విషయంలో బావగారు ఇద్దరు స్నేహితుల్ని పోగొట్టుకున్నారు. పైగా ఆయన వాడేది ఆముదం కలిసిన రేసింగు ఆయిలు. తెనాలి నుంచి వచ్చిన వాళ్లమ్మగారు మర్నాడు పొద్దున్నే గ్యారేజీ గుమ్మంలో నిలబడి గాలి పీల్చి, "ఆముదం వాసనొస్తోంది, ఎవరికిరా కడుపు బాలేదు?" అన్నారు. అక్కయ్య లోపలి నుంచి, "బండికి, అత్తయ్యా" అంది.

సస్పెన్షను కథ వేరు. పందెం బండి స్ప్రింగులు గాల్లోంచి దూకడానికి చేసినవి. అడవిలో చెట్టు వేరు ఎక్కితే మనిషిని ఎగరేస్తాయి. మనిషి కూర్చున్నప్పుడు వెనక భాగం సుమారు 100 మిల్లీమీటర్లు కుంగాలని లెక్క, దాన్నే సాగ్ అంటారు. బావగారు దాన్ని సరిగ్గా వందకు తెచ్చారు. సంక్రాంతి వచ్చింది. అరిసెలు అయిపోయాక కొలిస్తే 112. అరిసెలు మానడమా, స్ప్రింగు మార్చడమా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆయన క్షణం కూడా తటపటాయించలేదు. గట్టి స్ప్రింగుకు ఆర్డరిచ్చారు.

అక్కయ్య ఒకసారి అడగనే అడిగింది: "ఏవండీ, నెమ్మదిగా పోయే బండే కావాలంటే నెమ్మదిగా పోయే బండి కొనుక్కోవచ్చుగా?" నిజమే. అదే బండిని అడవి దారులకు తగ్గట్టు మెత్తని సస్పెన్షను, 18 అంగుళాల వెనక చక్రం, సైడు స్టాండుతో సహా వైజెడ్ 125 ఎక్స్ పేరుతో యమహావాళ్లే 2020 మోడల్‌గా అమెరికాలోకి తెచ్చారు. ఈ సంగతి బావగారికి మనందరికంటే ముందే తెలుసు. "అది వేరు" అన్నారు. ఎలా వేరో నాప్కిన్ మీద గీయలేదు.

ఇంకో సంగతి కూడా ఆయన గీయరు. అడవిలో పార్కింగు దగ్గర ఒక హైస్కూలు కుర్రాడు సరిగ్గా ఇదే బండి మీద కనిపిస్తుంటాడు. చెట్ల మధ్య నీళ్లు ఒంపినట్టు పోతాడు. బావగారు దగ్గరికెళ్లి ఏమేం మార్పించావని అడిగారు. చెయినుకు నూనె వేశానన్నాడు. వాడు మచ్చిక చేసినదల్లా తన ఎడమచేతి చూపుడువేలిని. క్లచ్చు లీవరు మీద ఆ వేలు ఎప్పుడు నొక్కాలో ఎప్పుడు వదలాలో దానికి తెలుసు. బావగారు ఆ విషయం ఒప్పుకున్నారు. ఒప్పుకుని, ఇంటికొచ్చి, క్లచ్చు నొక్కే పనే లేకుండా చేసే ఆటోమేటిక్ క్లచ్చు ధర చూశారు.

అన్నీ కుదిరిన వారం బండిని ట్రక్కెక్కించి బయల్దేరతారు. ఆ వారం వాన పడుతుంది. వాన పడితే దారులు పాడవుతాయని అడవివాళ్లు బాటలు మూసేస్తారు. బావగారు గేటు దగ్గర బోర్డు చదివి, ఏమాత్రం బాధపడకుండా, "మంచిదేలే, ఆ కార్బొరేటరు నీడిల్ ఒక గీత కిందికి దింపాల్సింది" అని వెనక్కి తిప్పుతారు. ఆ ముఖంలో ఆనందం చూసినవాళ్లెవరూ ఆయనకు బండి తోలడమే ఇష్టమని అనుకోరు.

మీరు ఆ చుట్టుపక్కల ఉంటే మీకూ ఏదో ఒక శనివారం ఫోనొస్తుంది. "సాగ్ కొలవాలి, పది నిమిషాల పనే" అంటారు. దానికి ముగ్గురు కావాలి. ఒకరు ఎక్కి కూర్చోవాలి, ఒకరు బండి పడకుండా పట్టుకోవాలి, ఒకరు టేపు చదవాలి. కూర్చునేది ఎటూ బావగారే. మీ వంతుకు మిగతా రెండింట్లో ఏదొచ్చినా మధ్యాహ్నం రెండు దాటుతుంది. టిఫిను చేసి వెళ్లండి.