ఒక్క టికెట్టు, రెండు లైన్లు

అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో మియాపూర్ లైనూ నాగోల్ లైనూ కలుస్తాయి. ఉన్న టికెట్టుతోనే ఈ లైను దిగి ఆ లైను ఎక్కేయొచ్చు. స్టేషన్ తెరిచింది 2017లో. ఆ సదుపాయాన్ని ఇక్కడి ఎమ్మెల్యేలు అంతకుముందే వాడుకున్నారు.

ఈ విద్యలో తెల్లదొరలు బొత్తిగా మొద్దులు. విన్‌స్టన్ చర్చిల్‌నే తీసుకోండి. మనకు కొత్తవాడేం కాడు. 1896లో బెంగళూరు నుంచి వచ్చి ఇక్కడ పోలోలో గోల్కొండ కప్పు కొట్టుకెళ్లిన జట్టులో ఉన్నాడు. 1900లో ఓల్డ్‌హామ్‌లో కన్సర్వేటివ్ టికెట్టు మీద గెలిచి, 1904లో లిబరళ్ల బెంచీలోకి గోడ దూకాడు. అక్కడిదాకా భేష్. 1908లో మంత్రి పదవి ఇస్తే ఏం చేశాడు? అప్పటి చట్టం ప్రకారం మళ్లీ తన అప్పటి నియోజకవర్గం మాంచెస్టర్ ఓటర్ల ముందుకెళ్లాడు. వాళ్లు ఓడించారు! పాపం, డండీ దాకా పోయి గెలుచుకు రావలసొచ్చింది.

అమీర్‌పేట సనత్‌నగర్ నియోజకవర్గంలోది. 2014 మేలో తలసాని శ్రీనివాస్ యాదవ్‌గారు సైకిలు గుర్తు మీద గెలిచారు. డిసెంబరులో కారు ప్రభుత్వంలో మంత్రయ్యారు. రాజీనామా ఇచ్చానన్నారు. ఉప ఎన్నిక మాత్రం రాలేదు. 2016 మార్చిలో స్పీకరు తెలుగుదేశం శాసనసభా పక్షమే తెరాసలో విలీనమైందన్నారు. అంటే మనిషి లైను మారలేదండీ, లైనే ఆయన దగ్గరికి నడిచొచ్చింది!

పక్కనే పంజాగుట్ట, ఖైరతాబాద్ నియోజకవర్గం. దానం నాగేందర్‌గారు ఒక్కసారి చర్చిల్‌లా పొరబడ్డారు. 2004లో ఆసిఫ్‌నగర్‌లో సైకిలు మీద గెలిచి, కాంగ్రెస్‌కు తిరిగొస్తూ రాజీనామా చేసి, ఉప ఎన్నికలో ఓడారు. బుద్ధొచ్చింది. 2023లో కారు టికెట్టు మీద ఖైరతాబాద్ గెలిచి, 2024 మార్చిలో కాంగ్రెస్ కండువా కప్పుకున్నారు. పంజా అంటే అరచెయ్యే కదా, ఊరి పేరే పిలిచినట్టుంది. ఎమ్మెల్యే సీటు వదలకుండానే అదే చెయ్యి గుర్తు మీద సికింద్రాబాద్ లోక్‌సభకు నిలబడి కిషన్‌రెడ్డి చేతిలో ఓడారు. సీటు? ఎక్కడిదక్కడే. ఇలాంటి పదిమంది సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకరుకు చెప్పవలసొచ్చింది.

మీరూ నేనూ అమీర్‌పేటలో పంజాగుట్టకని టికెట్టు తీసుకుని, కునుకుపట్టి ఖైరతాబాద్‌లో దిగామనుకోండి. గేటు తెరుచుకోదు. తేడా డబ్బు కట్టి కదలమంటారు.