ఇంకు పెన్నుకు చవక నోటుబుక్కు: కొనేవారికి అమూల్య సూచనలు

ఇంకు పెన్ను కొనబోతే సలహా చెప్పడానికి ఊరంతా ఉంటుంది. పాళీ లావెంత ఉండాలో, మూత తిప్పేది మంచిదో నొక్కేది మంచిదో చెప్పకుండా ఎవరూ వదలరు. తీరా దాంతో రాసుకోవడానికి ఓ చవక పుస్తకం కావాలంటే మాత్రం అందరూ తప్పుకుంటారు. ఆ లోటు తీర్చడానికే ఈ సూచనలు. వీటిని తు.చ. తప్పకుండా పాటిస్తే ఏడాది తిరిగేలోగా మీ ఇంట అలమర నిండా నోటుబుక్కులుంటాయి. ఒక్కదాంట్లోనూ మూడో పేజీ దాటి రాత ఉండదు.

దుకాణానికి బయల్దేరేముందు జేబులోంచి ఇంకు పెన్ను తీసి ఇంట్లో పెట్టండి. ఇది మొదటి నియమం, అన్నిటికన్నా ముఖ్యమైనది. జేబులో పెన్నుంటే చెయ్యి ఊరుకోదు. కొందరున్నారు: ఒక్కటంటే ఒక్క పుస్తకం కొంటారు. దుకాణం మెట్ల మీదే నిలబడి, చివరి పేజీలో తమ పెన్నుతో, తమ ఇంకుతో నాలుగు లైన్లు రాస్తారు. ఓ మూల రెండుసార్లు రుద్దినట్టు గీతలు గీసి, నిమిషం ఆగి, కాగితం వెనక్కి తిప్పి చూస్తారు. బాగుంటే లోపలికెళ్ళి అదే కట్టలోంచి మరో నాలుగు తెచ్చుకుంటారు, లేకపోతే ఆ ఒక్కదాన్ని సరుకుల చిట్టాలకి వాడేస్తారు. ఒక్క పుస్తకం ఖరీదుతో విషయం తేల్చేసుకునే ఇలాంటి తొందరపాటు మనుషులకి ఈ వ్యాసంతో పనిలేదు.

మీరు మాత్రం కౌంటరు మీద పురికొసతో కట్టేసి ఉంటుందే, ఆ బాల్‌పెన్నుతో పరీక్షించండి. దుకాణదారు కూడా సంతోషిస్తాడు. బాల్‌పెన్నులో ఉండేది నూనెతో చేసిన చిక్కటి ముద్ద, అది కాగితం పైనే అంటుకుని కూర్చుంటుంది. మీ ఇంకు పెన్నులో ఉండేది నీళ్ళలో కరిగిన రంగు, అది దారి దొరికిన చోటికల్లా పోతుంది. అందుకే బాల్‌పెన్నుతో పెట్టిన పరీక్షలో ఏ కాగితమూ తప్పదు, పకోడీల పొట్లం కట్టిన కాగితంతో సహా. అందరూ పాసయ్యే పరీక్షలో ఉన్న మనశ్శాంతి ఇంకెక్కడా లేదు.

ఆ తర్వాత పేజీని బొటనవేలితో నిమరండి. నున్నగా తగిలితే కళ్ళు మూసుకుని కొనేయండి. మిల్లులో కాగితాన్ని రోలర్ల మధ్య నలిపితే నునుపు వస్తుంది, ఇంకు పాకకుండా ఆపే గుణం మరోచోటి నుంచి వస్తుంది. అయినా వేలికి తెలిసేది నునుపు ఒక్కటే కదా, దాంతోనే సరిపెట్టుకుందాం. మరీ నిగనిగలాడే ఆర్ట్ పేపరు దొరికితే ఇంకా అదృష్టం. దాని మీద ఇంకు లోపలికి దిగదు, ఆరను కూడా ఆరదు. రాసింది రాసినట్టు అరచేతికి అచ్చుపడుతుంది కనక ఒకే ఖర్చుతో రెండు ప్రతులు.

జీఎస్ఎం అనే మహామంత్రం

వేలితో నిమిరినా తృప్తి కలక్కపోతే అట్ట వెనక చూడండి. జీఎస్ఎం అని ఓ అంకె ఉంటుంది. ఎంత ఎక్కువుంటే అంత గొప్ప కాగితం. ఈ విషయంలో ఎవరితోనూ వాదన పెట్టుకోకండి, ఓడిపోతారు.

జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క. ఏ4 షీటు చదరపు మీటరులో పదహారో వంతు. అందుకని 70 జీఎస్ఎం ఏ4 రీము, అంటే 500 షీట్లు, 2 కిలోల 190 గ్రాముల దాకా తూగుతుంది. బడిపిల్లల మామూలు నోటుబుక్కుల్లో 54 నుంచి 60 దాకా ఉండే రకాలే ఎక్కువ. అంతవరకూ నిజం. ఆ అంకె తూకం చెబుతుంది కనక ఇంకు సంగతి కూడా చెబుతుందని మనం ధైర్యంగా నమ్మాలి.

నమ్మకం చెడగొట్టేవాళ్ళు కొందరు ఎదురవుతారు. జపాన్‌లో టొమొయె రివర్ అనే కాగితం పుట్టింది, 52 జీఎస్ఎమ్మే, ఊదితే ఎగిరిపోయేట్టుంటుంది, దాని మీద ఎంత తడి పాళీతో రాసినా అక్షరం పాకదు, ఇంకు అవతలికి దిగదు, అవతలి రాత నీడగా కనిపిస్తుందంతే అంటారు. ఇది మన సిద్ధాంతానికి ఇబ్బంది. వినకండి. బ్లాటింగ్ పేపరు అంత మందంగా ఉండి కూడా చుక్క ఇంకును చటుక్కున మింగేస్తుందేం అని మరొకరు అడుగుతారు. మీరు మాట మార్చండి. లేదా సిద్ధాంతానికి కట్టుబడి బ్లాటింగ్ పేపరు మీదే రాయడం మొదలుపెట్టండి. పట్టుదల అంటే అదీ.

ఇంకా మొండివాళ్ళయితే సైజింగ్ కథ ఎత్తుకుంటారు. గుజ్జు దశలోనే నీళ్ళను త్వరగా పీల్చనివ్వని పదార్థం కలుపుతారట. వెనకటికి రోజనమూ పటికా కలిపేవారు, ఇప్పుడు వేరే రసాయనాలొచ్చాయి. కాగితం తయారయ్యాక పైన గంజి కూడా పట్టిస్తారు. గంజి పెట్టిన పంచె మీద నీటిచుక్క కాసేపు నిలబడుతుంది, ఉతికి ఆరేసిన తువ్వాలు మీద నిలబడదు. కాగితం సంగతీ అంతేనని, ఇందులో పొదుపు చేస్తే వంద జీఎస్ఎం కాగితమైనా ఇంకును పీల్చేస్తుందని వాళ్ళ వాదం. సైజింగ్ ఎంత పట్టించారో అట్ట మీద ఎక్కడా అచ్చువెయ్యరు. అచ్చులో లేనిదాన్ని మనమెందుకు నమ్మాలి?

అన్నట్టు, జీఎస్ఎం సిద్ధాంతం నూటికి నూరుపాళ్ళూ పనిచేసే చోటు ఒకటుంది. పాతపేపర్లు కొనేవాడి తక్కెడ.

గోదావరికి గోదావరి తోడు

తూకం కుదరకపోతే ఊరిని బట్టి ఎంచుకోండి. రాజమండ్రిలో రత్నం వారు 1932లో స్వదేశీ పెన్నులు మొదలుపెట్టారు. 1935లో గాంధీగారు వారి పెన్ను అందుకుని మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఎబొనైటు కడ్డీని లేతు మీద చేత్తో తిప్పి చేసే ఆ పెన్నుల్లో ఇంకు డ్రాపరుతో నేరుగా గొట్టంలోకే పోస్తారు. ఒకసారి పోస్తే వారాలు వస్తుంది, కాగితం మీదకి కూడా ధారాళంగా దిగుతుంది. అదే ఊళ్ళో ఆంధ్రా పేపరు మిల్లు ఉంది. ఒకే ఊరు, ఒకే ఏరు. రాజమండ్రి పెన్నుకి రాజమండ్రి కాగితం సరిపడకపోవడం ఎలా సాధ్యం? జాతకాలు చూడకుండానే ముహూర్తం పెట్టేయొచ్చు.

తెలంగాణ పాఠకులు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. భద్రాచలానికి ఏటికి అవతల సారపాకలో పెద్ద కాగితం మిల్లుంది, అదీ గోదావరి గట్టే. సిర్పూరు మిల్లు చుట్టూ వెలిసిన కాగజ్‌నగర్ ఉండనే ఉంది. ఆ మిల్లు 2014లో మూతపడి 2018లో మళ్ళీ తెరుచుకుంది. అభిమానంతో కొనడానికి ఇంతకన్నా కారణం ఏంకావాలి? ఒకే మిల్లు రకరకాల ధరల్లో రకరకాల కాగితం చేస్తుందనీ, నోటుబుక్కు కుట్టేవాడు ఏ రకం తెప్పించుకున్నాడన్న దాన్నిబట్టే మన పేజీ ఉంటుందనీ అనేవాళ్ళకి ఊరి మీద ప్రేమ లేదని గ్రహించండి.

ఈ దుకాణాల వైపు పోకండి

దీపావళికి కొత్త ఖాతాలు తెరిచే షావుకార్లు చిట్టా, ఆవర్జా పుస్తకాలు కొనుక్కునే పాత దుకాణాలు ప్రతి పెద్ద బజార్లోనూ ఒకటో రెండో మిగిలే ఉంటాయి. పొరపాటున కూడా అటు వెళ్ళకండి. ఆ పుస్తకాలకి వాడే లెడ్జర్ కాగితాన్ని ఇంకుతో రాయడానికే, ఏళ్ళ తరబడి తిరగేయడానికే గట్టిగా సైజింగ్ పట్టించి చేసేవారు. ఇప్పుడొచ్చే ఖాతా పుస్తకాలన్నిట్లోనూ ఆ కాగితం ఉండదు, కానీ ఉన్నది చేతికి చిక్కిందంటే మీ వెతుకులాట ముగిసిపోతుంది. పైగా ఎర్రటి గుడ్డ అట్ట, మీద బొమ్మా లేదు, సూక్తీ లేదు. అది పట్టుకుని కాఫీ హోటల్లో కూర్చుంటే మిమ్మల్ని రచయిత అనుకోరు, బాకీ వసూలుకి వచ్చారనుకుంటారు.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజు లేఖరులు వాడే ఆకుపచ్చ లెడ్జర్ కాగితం విడిగా ఠావుల్లెక్కన దొరుకుతుంది. దాని జోలికీ వెళ్ళకండి. కాలేజీల పక్కన బైండింగ్ షాపులుంటాయి, అవి మరీ ప్రమాదం. రెండు మూడు రకాల తెల్లకాగితం ఒక్కో షీటు తెచ్చి రాసిచూసుకుని, నచ్చినదాన్ని రీము కొని, నాలుగు పుస్తకాలుగా కుట్టించుకుంటే లెక్క ఎంతకి తేలుతుందో ఒకసారి వేసి చూడండి. వద్దులెండి, చూడకండి. బైండింగతను ఎల్లుండి రమ్మంటాడు, ఎల్లుండి వెళ్తే మళ్ళీ ఎల్లుండి రమ్మంటాడు. అంత తిరుగుడు మనవల్ల కాదు.

వీటి బదులు ఎగ్జిబిషన్లో అమ్మే చేతి కాగితం పుస్తకం కొనండి, పూలరేకులు అతికించినది. గరుకు పేజీలోంచి పీచు లేచి పాళీ చీలికలో ఇరుక్కుంటుంది, ఆ తర్వాత పెన్ను అక్షరానికి బదులు కుంచె గీతలు గీస్తుంది. రాత రాని చోట చిత్రకళ వచ్చింది, సంతోషించాలి.

ఉచితంగా వచ్చే డైరీలు కూడా మరువకండి. జనవరిలో బ్యాంకువాళ్ళు, బీమా ఏజెంట్లు, ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చేవి. పేజీలో మూడోవంతు తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం. మిగతాదాంట్లో మీరు రాసిన మంగళవారం బుధవారంలోకి దిగుతుంది. అమృతఘడియల్లో రాసినా దిగుతుంది.

తెలుగులో రాసేవారికి ప్రత్యేకం

ఇంగ్లీషు రాతగాళ్ళకి లేని సౌకర్యం మనకొకటుంది. మన అక్షరాల్లో సగం తేడాలు చుక్కంత చోట ఉంటాయి. థ కడుపులో చుక్క, ధ కింద గీత, ఫ కింద కొక్కెం. పీల్చే కాగితం మీద కాస్త లావు పాళీతో రాస్తే ఇవన్నీ కలిసిపోయి సమానత్వం సిద్ధిస్తుంది. థలో చుక్క మునిగి ముద్దవుతుంది. కథ రాసి పంపితే ఎడిటరుగారు కధ అని చదువుకుంటారు. ఒత్తులు తలకట్ల మీద పడాలంటే ఇరుకు రూళ్ళ పుస్తకం ఎంచుకోండి. జ్యోత్స్న అనే పేరుగల అమ్మాయికి ఉత్తరం రాస్తే కింది లైను ఆమెకే వదిలేయాల్సి వస్తుంది. గీతల్లేని తెల్లపుస్తకం తీసుకుని, అడుగున లావు గీతల షీటు పెట్టుకు రాసేవాళ్ళున్నారు. వాళ్ళకి ఒత్తులంటే పక్షపాతం.

తప్పు ఎవరిది?

అక్షరం వేర్లు తన్నినట్టు పాకింది. వెనక పేజీ నిండా చుక్కలు. ఇప్పుడేం చెయ్యాలి? పెన్ను మార్చండి. ఇంకా ఖరీదైనది కొనండి, పాళీ ఇంకా లావైనది. నోటుబుక్కు మీద ముప్ఫై రూపాయలు ఆదా చేసినవారికి పెన్ను మీద మూడు వేలు పెట్టే హక్కుంది.

ఇంకు సీసా వైపు మాత్రం చూడకండి. సన్న పాళీ అయితే ఇంకు తక్కువ దిగుతుందనీ, కాస్త పొడిగా నడిచే ఇంకు పోస్తే అదే చవక పేజీ సగం దారికొస్తుందనీ, ఇనుము కలిసిన పాతకాలపు బ్లూబ్లాక్ రకాలు పీల్చే కాగితం మీద కూడా చాలావరకు అక్షరం అంచు నిలబెడతాయనీ తెలిసినవాళ్ళు చెబుతూనే ఉంటారు. వాళ్ళ మాట వింటే ఇంట్లో ఉన్న పుస్తకాలే పనికొచ్చేస్తాయి. ఇక కొత్తవి కొనడానికి సాకేముంటుంది?

రాసేటప్పుడు మిరపకాయ బజ్జీ తిన్న చేతిని పేజీ కింది భాగం మీద ఆనించండి. నూనె అంటిన చోట ఇంకు పట్టక అక్షరాలు తెగుతాయి, అప్పుడు పాళీని తిట్టొచ్చు. శ్రావణమాసంలో పుస్తకాలను విశాఖ ఇంటి సముద్రం వైపు కిటికీలో పెట్టండి. చెమ్మ పట్టిన కాగితం నిన్నటికన్నా ఇవాళ ఎక్కువ పీలుస్తుంది.

మంచిది దొరికిపోతే

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కోసారి పొరపాటున మంచి పుస్తకం చేతికి చిక్కుతుంది. అక్షరం నిలుస్తుంది, వెనక పేజీ తెల్లగా ఉంటుంది, ధర చూస్తే పిల్లల నోటుబుక్కు ధర. కంగారుపడి ఆ రోజే వెనక్కెళ్ళి అదే కట్టలోంచి నాలుగు తెచ్చుకోకండి. అట్ట వెనక అచ్చయిన నెల, సంవత్సరం కూడా చూడకండి. నెమ్మదిగా వచ్చే జూన్‌లో, బడులు తెరిచినప్పుడు వెళ్ళండి. అదే పేరు, అదే అట్ట, అదే బొమ్మ, లోపల వేరే లాటు కాగితం. అప్పుడు రెండు డజన్లు ఒకేసారి కొనండి, డజను మీద తగ్గింపు కూడా ఇస్తారు.

మొదట దొరికిన ఆ ఒక్క పుస్తకంలో మాత్రం ఏమీ రాయకండి. అంత మంచి కాగితం మీద పాలపద్దు రాస్తారా? రాయడానికి తగిన సంగతి మీ జీవితంలో జరిగేదాకా బీరువాలో పట్టుచీరల కింద దాచండి, కలరా ఉండలు వెయ్యండి. సంక్రాంతికి వచ్చిన మనవడు అది లాగి, బాల్‌పెన్నుతో భాగహారాలు చేసుకుంటాడు.