మిరియాల చారు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: మిరియాల చారు పెట్టాను, వేడివేడిగా తాగి ముసుగుతన్ని పడుకో.

అవతారిక. టీకాలు రెండు విధములు. గ్రంథానికి వేసేది ఒకటి, భుజానికి వేసేది ఒకటి. జలుబు తెచ్చే రైనోవైరస్సుల్లో 160 దాకా రకాలున్నాయి. ఒకదాన్ని ఆనవాలు పట్టిన ఒళ్ళు రెండోది వస్తే ఎవరు బాబూ నువ్వు అంటుంది. అందుకే జలుబుకు రెండో విధం టీకా ఇంతవరకూ రాలేదు. ఫ్లూ జ్వరానికి ఉంది, ఏడాదికోసారి వేయించుకోవచ్చు. జలుబు విషయంలో మాత్రం మొదటి విధంతోనే సరిపెట్టుకోక తప్పదు గనుక ఈ ప్రయత్నం.

వాక్యకర్త్రి మా అమ్మమ్మ. రచనాస్థలం తెనాలిలో వంటింటి గడప. కాలం, ఇంట్లో ఎవరి మొదటి తుమ్ము వినబడితే అప్పుడు. ఛందస్సు తెలియదు. మొదట ‘మి’, తరవాత ‘ము’ ఉన్నాయి కదా, యతి కుదిరిందని మురిసిపోయేవాళ్ళున్నారు. హల్లు కుదిరింది గానీ స్వరమైత్రి లేదు. పైగా జలుబు చేసినవాడి నోట ఆ హల్లూ నిలవదు. గాలి ముక్కులోంచి పోతేనే మకారం, పోకపోతే బకారం. చిన్నప్పుడు నేను ‘అమ్మమ్మా’ అని పిలిస్తే ‘అబ్బబ్బా’ అని వినబడేది. ఆవిడకు వేరే రోగలక్షణం అక్కర్లేదు. రోటి దగ్గరికి నడిచేది.

ప్రతిపదార్థం. మిరియాల = మిరియములతో కూడిన. చారు = సంస్కృతంలో అందమైనది, తెలుగులో అన్నంలోంచి కంచం అంచుకు పరుగెత్తేది. రెండర్థాలూ గ్రాహ్యాలే. చిత్తూరు వైపు దీన్నే రసం అంటారు. పెట్టాను = తయారుచేసితిని. ఈ ‘పెట్టు’ అన్న ధాతువు ఆవిడ నోట ఒంటరిగా ఉండదు. చారు పెట్టేటప్పుడే చీవాట్లూ పెడుతుంది: నిన్న వానలో ఎవడు తిరగమన్నాడు?

మిరియాల మీద కొంచెం ఆగాలి. మిరపకాయ పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళతో వచ్చి మిరియపు కాయ అనిపించుకుని, పేరుతో బాటు పెత్తనమూ పుచ్చుకుంది. అంతకుముందు మన వంటింట్లో కారమంటే ముఖ్యంగా ఇవే. గద్దె పోయిన రాజుకు జలుబు రోజున మాత్రం పట్టాభిషేకం. జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు కలిపి కచ్చాపచ్చాగా దంచాలి, మెత్తగా నూరితే చేదెక్కుతుందని అమ్మమ్మ సిద్ధాంతం. పల్చటి చింతపండు పులుసులో పసుపు, ఉప్పు, కరివేపాకు వేసి, అది మరుగు పట్టాక ఈ దంచినది వేసి, నురగ పైకి లేవగానే దించెయ్యాలి. నేతిలో ఇంగువ పోపు పెడితే ఆ చుయ్యిమన్న చప్పుడుకే సగం ముక్కు తెరుచుకుంటుంది.

ఇందులో ఒక గూఢార్థం ఉంది. పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి సరిగ్గా పట్టదు, వచ్చిన దారినే పోతుంది. దానితో 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియంలోని ఘాటు, కలిపి ఇస్తే రక్తంలోకి చేరేది ఎన్నో రెట్లు పెరిగిందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. అమ్మమ్మ రోలు ఆ సంగతి ముందే కనిపెట్టిందని జబ్బలు చరుచుకోబోయాను. కానీ వాళ్ళిచ్చింది రెండు గ్రాముల కర్క్యుమిన్. చారులో వేసే చిటికెడు పసుపులో అందులో పదోవంతు కూడా ఉండదు. వ్యాఖ్యాతకు భక్తి ఉండొచ్చు, కొలత తప్పకూడదు.

వేడివేడిగా = మిక్కిలి వేడిగా. ఆమ్రేడితం వల్ల అతిశయం, మూతి కాలినా పర్వాలేదని ధ్వని. ఈ పదం ఊరికే వేసింది కాదు. 2008లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో 30 మంది జలుబు మనుషులకు ఒకే పళ్ళరసాన్ని కొందరికి వేడిగానూ కొందరికి వేడి చెయ్యకుండానూ ఇచ్చి చూశారు. యంత్రంతో కొలిస్తే ముక్కులో ఆడే గాలి పెరగలేదు. మనిషిని అడిగితే మాత్రం వేడిది తాగాక ముక్కు, గొంతు, దగ్గు, వణుకు అన్నీ హాయిగా ఉన్నాయన్నాడు. యంత్రం మాట నిజమే, మనిషి మాటా నిజమే. జలుబు వచ్చింది యంత్రానికి కాదు.

పాఠాంతరం: ‘నిమ్మకాయ పిండి తాగి’ అని మా పెద్దత్తయ్య ప్రతి. ఆవిడ నమ్మకమంతా ఇందులోని విటమిన్ సి మీదుంది. రోజూ ఆ మాత్రలు మింగేవాళ్ళకు జలుబు రాకుండా ఆగలేదనీ, వచ్చినది పెద్దవాళ్ళలో 8 శాతం తొందరగా పోయిందనీ 2013 నాటి కోక్రేన్ సమీక్ష. ఏడు రోజుల జలుబులో అది సుమారు సగం రోజు. తుమ్ము మొదలయ్యాక మాత్రల కోసం పరుగెత్తితే ఆ సగం రోజుకూ భరోసా లేదు. మగవాడికి రోజుకు 80 మిల్లీగ్రాములు చాలంటారు, ఒక జామకాయలో అంతకు మించే ఉంటుంది. నిమ్మకాయ పిండదలచినవారు పొయ్యి మీద కాకుండా దించాక పిండాలి, మరిగితే ఆ విటమిను తగ్గిపోతుంది.

శంక: ఇవన్నీ ఇమ్యూనిటీని పెంచవా? సమాధానం: ముక్కు కారడం, ఒళ్ళు వెచ్చబడడం, తుమ్ము, ఇవి చాలామటుకు శత్రువు చేసేవి కావు, మన సైన్యం చేసేవి. దాన్ని ఇంకా పెంచమని సీసా మీద రాసి అమ్మేవాణ్ణి అడగాలి, ఏమిటయ్యా పెంచేది, చీమిడా? మా మేనమామకు ఆ సైన్యమే హద్దు మీరి సొంత కీళ్ళ మీద పడింది, దాన్ని తగ్గించడానికి మాత్రలు మింగుతున్నాడు. కరోనా రోజుల్లో తిప్పతీగను తెగ మరిగించి తాగి కాలేయం దెబ్బతిన్నవాళ్ళ గురించి 2021లో ముంబయి వైద్యులు రాశారు. చారుకు ఆ ప్రమాదం లేదు. ఎవరూ రోజుకు నాలుగు లీటర్లు తాగలేరు.

ముసుగుతన్ని = ఇక్కడ పండితులు తికమకపడ్డారు. తన్నడమేమిటి, ఎవర్ని? దుప్పటిని తల దాకా లాక్కుని అడుగు కొసను కాళ్ళ కిందికి తన్నడమని నా అర్థం. మా ఇంట్లో పక్కన పడుకున్న తమ్ముణ్ణని ఇంకొక అర్థం ఉండేది. తెలంగాణ ప్రతిలో ‘చెద్దరు కప్పుకొని పండుకో’ అని ఉంది, దానిలో ఈ చిక్కు లేదు.

ఇక పడుకో. మూలంలో ప్రాణమంతా ఈ పదంలో ఉంది. వ్యాకరణం చూడండి: ‘తాగి’ క్త్వార్థకం, అసమాపకం. తాగి... ఏం చెయ్యాలి? వాక్యం ముగియదు. ముగించేది ‘పడుకో’ ఒక్కటే. లోకం మాత్రం ‘తాగి’ దగ్గరే ఆగిపోయింది. తాగేదైతే పొడి చేసి పొట్లం కట్టి అమ్మొచ్చు, పడుకోవడాన్ని ఏ సీసాలో పోస్తారు? 2015లో అచ్చయిన అమెరికా పరిశోధనలో 164 మంది నిద్రను వారంపాటు కొలిచి, తరవాత ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి, హోటల్లో ఉంచి చూశారు. రాత్రికి ఏడు గంటలు దాటి నిద్రపోయినవాళ్ళ కన్నా ఆరు గంటల లోపు పడుకున్నవాళ్ళకు జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లు కనిపించింది. అయినా నేను చారు తాగి లాప్‌టాప్ తెరుస్తాను, వాక్యంలో సగమే పాటించి జలుబు తగ్గలేదని అమ్మమ్మ మీద నేరం మోపుతాను.

మినహాయింపు ఒక్కటి. మూడు రోజులు దాటిన జ్వరం, ఆయాసం ఉంటే ఈ వాక్యం వర్తించదు. డాక్టరు వాక్యమే ప్రమాణం.

తాత్పర్యం రాద్దామని కూర్చుని, మూలంలో ఒక పదం లేదని ఇప్పుడు గమనించాను. ‘పెట్టాను’కు కర్త ‘నేను’. తెలుగులో అది చెప్పకపోయినా క్రియలోనే తెలిసిపోతుంది గనుక నలభై ఏళ్ళుగా ఎవరమూ దాని వైపు చూడలేదు. తెలతెలవారుతుండగా తెనాలికి ఫోన్ చేశాను. వెనక బిందె చప్పుడు, కొళాయి చప్పుడు.

“ఏం చేస్తున్నావు అమ్మమ్మా? ఒంట్లో బాగుందా?”

“ఏబీ లేదురా. బాగానే ఉన్నా.”

“పడుకోకుండా ఆ నీళ్ళేంటి? చారు పెట్టుకున్నావా?”

“ఒక్కదానికి ఏం పెట్టుకుంటారా. బిరియాలు కూడా అయిపోయాయి.”