నిమ్మళంగా వెళ్లే బండిని

నన్ను కొన్న రోజున నా ఇంజను స్టార్ట్ అవ్వలేదు. ఒంటి మీద రంగు పెచ్చులూడి ఉంది. కొన్న ఇద్దరికీ మెకానిక్ పనిలో ఓనమాలు రావు. వాళ్లకు కావలసిందేమో అర్జెంటీనాలోని బ్యూనస్ ఐరిస్ నుంచి అలాస్కా దాకా, రెండు అమెరికా ఖండాల పొడవునా నడిచే బండి. చూసిన ప్రతివాళ్లూ వద్దన్నారు. వాళ్లు మాత్రం నా చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు తీసి, ముందు సీట్లో పక్కపక్కన కూర్చున్నారు. అలా కూర్చున్నవాళ్లు ఇరవై రెండేళ్లు లేవలేదు.

నేను 1928 నాటి గ్రాహం-పెయిజ్ కారును. మోడల్ 610. నా పుట్టిల్లు డెట్రాయిట్. జోసెఫ్, రాబర్ట్, రే అనే ముగ్గురు గ్రాహం అన్నదమ్ములు 1927లో పెయిజ్-డెట్రాయిట్ కంపెనీని కొని, ఆ పేరుకు ముందు తమ ఇంటిపేరు చేర్చి, మరుసటి జనవరిలో మొదటి కార్లను జనం ముందు పెట్టారు. ఆరు సిలిండర్ల ఇంజను, చెక్క ఆకుల చక్రాలు, నిటారుగా నిలబడ్డ అద్దం. ఆనాటికి గొప్పే. కానీ 1940తో ఆ కంపెనీ కార్లు చేయడం మానేసింది. నేను ప్రయాణానికి బయలుదేరేనాటికి నాకు స్పేర్ పార్టులు తయారుచేసేవాళ్లు లేక అరవై ఏళ్లయింది. నా కథలో తర్వాత జరిగినవన్నీ ఈ ఒక్క లోటు నుంచే పుట్టాయి.

అతని పేరు హెర్మన్ జాప్, ఆమె పేరు కాండెలారియా. చిన్నప్పటి నుంచి ఒకరినొకరు ఎరిగినవాళ్లు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు కదా మీ తెలుగువాళ్లు, వాళ్లు ఆ రెండూ చూసేశారు. పెళ్లయి ఆరేళ్లు. కొత్తగా కట్టుకున్న ఇల్లు. ఇద్దరికీ మంచి ఉద్యోగాలు. ఇక పిల్లల్ని కనడమే తరువాయి. సరిగ్గా అక్కడే ఆగి ఆలోచించారు. ప్రపంచం చూడాలన్న కోరిక పెళ్లికి ముందు నుంచీ ఉంది. ముందు ఇల్లు అయిపోనీ అనుకున్నారు, ఆ తర్వాత ఇంకొంచెం డబ్బు చేరనీ అనుకున్నారు. ఇప్పుడు పిల్లలు పుడితే, వాళ్లు పెద్దవాళ్లు అవనీ అనుకుంటారు. కాబట్టి ఇప్పుడే. వీపున సంచులు తగిలించుకుని ఆరు నెలల్లో వెళ్లి వచ్చేద్దామనుకున్నారు. ఈలోగా నేను తగిలాను.

ఉద్యోగం మానేయడమంటే రాజీనామా ఉత్తరం ఇచ్చిన పూట అని చాలామంది అనుకుంటారు. ఆ ఉత్తరం రెండు నిమిషాల పని. అసలు కష్టం అంతకుముందు. ప్రేమించేవాళ్లే భయపెడతారు. దారిలో జబ్బు చేస్తే, దొంగలు పడితే, తిరిగొచ్చాక ఉద్యోగం దొరక్కపోతే? ఒక్క ప్రశ్నకూ గట్టి జవాబు ఉండదు. జవాబులన్నీ దొరికాకే కదులుదామనుకుంటే ఎవరూ గుమ్మం దాటరు. జవాబులు లేకుండానే, 2000 జనవరి 25న, బ్యూనస్ ఐరిస్ నడిబొడ్డున ఉన్న ఒబెలిస్కో స్తంభం దగ్గర నుంచి మేము బయలుదేరాం. నాకు పెట్టిన పేరు మకోండో కంబలాచె. గార్సియా మార్కెజ్ నవలలోని ఊరు ఒకటి, అర్జెంటీనాలో అందరూ పాడుకునే టాంగో పాట ఒకటి కలిస్తే ఆ పేరు.

నేను వేగంగా వెళ్లలేను. ఎంత బాగున్నా గంటకు యాభై, యాభై అయిదు కిలోమీటర్లు. అండీస్ కొండలెక్కితే అదీ ఉండదు. పైన గాలి పలచబడుతుంది, కార్బురేటర్ ఇంజనుకు పెట్రోలు పాలు ఎక్కువై ఊపిరాడదు, రేడియేటర్ మరుగుతుంది. ఎండ బాగా కాసే చోట చెక్క ఆకులు ఎండి, వదులై, కిర్రుమంటాయి. వాటికి నీళ్లు పట్టాలి. ఎడ్లబండి ఎరిగినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఆగుతూ, చల్లబడుతూ, ఊరూరా నీళ్లు అడుగుతూ వెళ్లే బండిని నేను. నీళ్లు అడిగిన చోట అన్నం పెట్టారు.

ఈ మాట కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే వాళ్లిద్దరూ ఇంటి దగ్గర ఊహించుకున్న ప్రయాణం కొండలు, సముద్రాలు, శిథిలాలు చూడడం. నా వల్ల అది మనుషుల ప్రయాణమైంది. మంచి జీపులో వెళ్లినవాడు ఊరు దాటేస్తాడు. నేను ఊరి మధ్యలో ఆగిపోతాను. ఆగగానే పిల్లలు వస్తారు, వెనకే ఒక ముసలాయన వస్తాడు, నా మడ్‌గార్డ్ మీద చెయ్యి వేసి తన తండ్రి కాలం సంగతులు మొదలుపెడతాడు. బానెట్ తెరవగానే ఎవరో ఒకరు చొక్కా చేతులు పైకి మడుస్తారు. కంపెనీ పార్టు దొరకదు కాబట్టి కమ్మరి కావాలి, లేత్ పనివాడు కావాలి, చక్రానికి వడ్రంగి కావాలి. నాలాంటి పాత ఇంజను వాళ్లందరికీ అర్థమవుతుంది, ఎందుకంటే ఇందులో కంప్యూటర్ లేదు. కంటితో చూసి, చేత్తో తడిమి తెలుసుకోవచ్చు. సాయంత్రానికి పని తెమలదు. "రాత్రి మా ఇంట్లో పడుకోండి" అంటారు. వాళ్ల లెక్కలో, అలా తలుపు తెరిచిన ఇళ్లు దాదాపు రెండు వేలు. భాష తెలియని చోట్ల కూడా తెరిచారు.

ఎందుకు నమ్మారని నేను చాలా ఆలోచించాను. నన్ను చూస్తే ఎవరికీ భయం వేయదు. డబ్బు దర్పం కనబడదు. పైగా, సాయం అడిగేవాడి ముందు మనిషికి తన చేతిలో ఏముందో గుర్తొస్తుంది. ఇంట్లో అన్నీ అమర్చుకుని బతికినప్పుడు వీళ్లిద్దరికీ ఎవరినీ ఏదీ అడగాల్సిన పని లేదు. అడగడం నామోషీ అనుకునే జీవితం నుంచి వచ్చారు. అడగడం నేర్చుకోవడమే వాళ్లకు ఉద్యోగం వదలడంకన్నా పెద్ద మార్పని నా నమ్మకం.

ఈక్వడార్ చేరేసరికి చేతిలో డబ్బు అయిపోయింది. వెనక్కి తిరగాల్సిన చోటు అదే. కాండెలారియా పక్షుల బొమ్మలు వేయడం మొదలుపెట్టింది, హెర్మన్ వాటికి చట్రాలు కట్టాడు, ఇద్దరూ కలిసి అమ్మారు. ఆఫీసుల్లో ఏళ్ల తరబడి చేసిన పనికి, ఈ పనికి పోలికే లేదు. తర్వాత నన్ను తెప్ప ఎక్కించి అమెజాన్ నదిలో దింపారు. నేల మీద నడవడానికి పుట్టిన నేను అడవి నదిలో కదలకుండా నిలబడి, రెండు ఒడ్లూ వెనక్కి జరుగుతుంటే చూశాను.

మేము దారిలో ఉండగానే, 2001 డిసెంబర్‌లో అర్జెంటీనా బ్యాంకుల్లో జనం దాచుకున్న డబ్బు తీసుకోకుండా ప్రభుత్వం కట్టడి చేసింది. డాలరుకు సమానంగా పదేళ్లు నిలబెట్టిన పెసో మరుసటి నెలలో కూలిపోయింది. గిన్నెలు మోగిస్తూ జనం వీధుల్లోకి వచ్చారు. జీవితమంతా జాగ్రత్తగా కూడబెట్టినవాళ్లు నష్టపోయారు. ఆ వార్త దూరం నుంచి విన్నప్పుడు బాధే కలిగింది, ఆ జనంలో మావాళ్లూ ఉన్నారు. కానీ కదలకుండా ఉంటే క్షేమమన్న మాటను ఆ రోజు నుంచి నేను నమ్మడం మానేశాను.

2002లో అమెరికాలోని గ్రీన్స్‌బరోలో మొదటి కొడుకు పుట్టాడు. ప్రయాణం అయ్యాక కందామనుకున్న బిడ్డ ప్రయాణం మధ్యలోనే వచ్చి ముందు సీటులో మూడోవాడయ్యాడు. 2003లో అలాస్కా చేరాం. ఆరు నెలలనుకున్నది మూడేళ్లు దాటింది. అక్కడితో కథ ముగించి ఉద్యోగాలు వెతుక్కోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. వాళ్లు తమ ప్రయాణం మీద ఒక పుస్తకం రాసి, తామే అచ్చువేసి, నా పక్కన నిలబడి అమ్మారు. అదే పెట్రోలుకూ తిండికీ ఆధారమైంది. రెండో కొడుకు అర్జెంటీనాలో, కూతురు కెనడాలో, చివరివాడు ఆస్ట్రేలియాలో పుట్టారు. అందరూ పట్టాలి కాబట్టి నన్ను కోసి పొడవు పెంచారు. ఆ నొప్పి నాకు ఇష్టమే.

ఆరుగురు ఉన్న ఇల్లు నేను. రాత్రి పైన గుడారం వేసేవారు. మధ్యాహ్నానికి అన్నం ఇంజను వేడి మీదే తయారయ్యేది. పాఠాలు తల్లి చెప్పేది. భూగోళం పాఠానికి అద్దం లోంచి బయటికి చూస్తే సరిపోయేది, లెక్కలకు మాత్రం పలక, పుస్తకం పట్టుకుని కూర్చోవలసిందే. ఆ పిల్లలకు కోల్పోయినవి లేవా? ఉన్నాయి. ఏడాది పొడవునా పక్క బెంచీలో కూర్చునే స్నేహితుడు లేడు. కుదిరిన స్నేహాలన్నీ సరిహద్దు దగ్గర ఆగిపోయేవి.

భార్యాభర్తల సంగతి కూడా చెప్పాలి. ఉద్యోగాలున్నప్పుడు ఇద్దరూ రోజుకు నాలుగు గంటలు ఎదురుపడితే గొప్ప. నాలో ఇరవై నాలుగు గంటలూ మోచేతులు తగులుతూనే ఉంటాయి. కోపం వస్తే లేచి వెళ్లడానికి పక్క గది లేదు. కాబట్టి మాట్లాడుకోవాలి, లేదా మైళ్ల కొద్దీ మౌనంగా ఉండి తర్వాత మాట్లాడుకోవాలి. అలసట, దోమలు, జబ్బులు అన్నీ పంచుకున్నారు. అతనికి మలేరియా వచ్చింది. వాళ్ల కాపురం నా ముందు సీటులోనే పండింది.

నేను ఎక్కువ భయపడింది ఓడల్లో. దక్షిణ అమెరికాకూ ఉత్తర అమెరికాకూ మధ్య డేరియన్ అడవి దగ్గర వంద కిలోమీటర్ల మేర రోడ్డే లేదు. అక్కడి నుంచి మొదలు, ఖండం మారినప్పుడు చాలాసార్లు సముద్రం దాటాలి. నన్ను ఇనప పెట్టెలో పెట్టి తలుపు మూస్తారు. చీకట్లో రోజుల కొద్దీ ఉప్పుగాలి వాసన. తలుపు తెరుచుకునేసరికి వేరే ఎండ, వేరే భాష, వేరే కస్టమ్స్ అధికారి. ఇండియా లాంటి దేశాల్లో కార్నే అనే పత్రం లేనిదే నన్ను రోడ్డు మీద పెట్టనివ్వరు. మీ దేశంలో హారన్ మోగిస్తూనే దారి ఇస్తారు, ఎడమవైపు నడుస్తారు.

ఈ కథ విని ఉద్యోగం మానేయాలనుకునేవాళ్లుంటారు. అమ్మానాన్నల మందుల ఖర్చు భుజాన ఉన్నవాడికీ, చెల్లెలి చదువుకు మాట ఇచ్చిన అమ్మాయికీ నేను ఆ సలహా చెప్పను. చాలా సరిహద్దులను కష్టం లేకుండా దాటించే పాస్‌పోర్టు వీళ్లకుంది. అది అందరికీ ఉండదు. ఏ బాధ్యతా అడ్డులేకపోయినా, వచ్చే ఏడు చూద్దామని పదేళ్లుగా అనుకుంటున్నవాళ్లతో మాత్రం చెబుతాను. పూర్తిగా తయారైన బండి ఎప్పటికీ రాదు. నేనే సాక్ష్యం.

కోవిడ్ మమ్మల్ని బ్రెజిల్‌లో ఆపేసింది. చివరికి 2022 మార్చిలో ఉరుగ్వే సరిహద్దు దాటి, గ్వాలెగ్వాయ్చూ మీదుగా బ్యూనస్ ఐరిస్ చేరాం. 102 దేశాలు, 3,62,000 కిలోమీటర్లు. ఎనిమిది సెట్ల టైర్లు అరిగాయి, ఇంజను రెండుసార్లు విప్పారు. పార్టు మార్చిన ప్రతిచోటా ఒక ఊరి మనిషి చెయ్యి నాలో మిగిలింది. ఏ బోల్టు ఏ దేశపుదో నాకు గుర్తే.

ఇక మ్యూజియంలో నిలబెట్టమనేవాళ్లున్నారు. తాడు కట్టి, ముట్టుకోవద్దని బోర్డు పెడతారు. నాకు అది వద్దు. నన్ను ఏదో ఒక ఊరి బజారులో బానెట్ తెరిచి ఆపితే చాలు. వచ్చి "ఏమైంది?" అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. అడిగాక ఏం చేస్తారో నాకు తెలుసు.