చెట్టుకింద సైంటిస్టు

2025 ఫిబ్రవరి 7, శుక్రవారం నాడు, ఆఫీసులు కట్టేసి జనం ఇళ్లకు పోయే వేళ చూసుకుని అమెరికాలో వైద్య పరిశోధనకు ప్రభుత్వ సొమ్ము పంచే ఎన్‌ఐహెచ్ వారు ఒక నోటీసు వదిలారు. సోమవారం నుంచే అమలన్నారు. సర్దుకోడానికి మధ్యలో శని, ఆదివారాలు ఉండనే ఉన్నాయి. యూనివర్సిటీలకూ వాటి వైద్య కళాశాలలకూ ఇచ్చే పరిశోధన గ్రాంట్ల మీద ఓవర్‌హెడ్, అంటే ఉమ్మడి ఖర్చుల కింద ఇచ్చే వాటా, ఇకమీదట ఎవరికైనా 15 శాతమేనట. కొత్త గ్రాంట్లకే కాదు, సగంలో ఉన్నవాటికీ ఇదే లెక్క. అప్పటిదాకా హార్వర్డ్‌కు 69, యేల్‌కు 67.5, జాన్స్ హాప్కిన్స్‌కు 63.7 శాతం చొప్పున ప్రభుత్వమే కూర్చుని బేరమాడి ఒప్పుకున్న రేట్లుండేవి. దేశం మొత్తం మీద సగటు 27, 28 దగ్గర ఉండేది. నోటీసుతో పాటు ఎక్స్‌లో ఒక చాటింపు కూడా వేశారు: పోయినేడు ఇచ్చిన 3,500 కోట్ల డాలర్లలో 900 కోట్లు ఓవర్‌హెడ్‌కే పోయాయి, ఇప్పుడు ఏటా 400 కోట్లకు పైగా మిగిలిస్తున్నాం చూసుకోండని. ఇలాన్ మస్క్ గారు అదంతా దోపిడీ అని తేల్చేశారు. ఆ సోమవారమే బోస్టన్‌లో జడ్జి ఏంజెల్ కెల్లీ దీన్ని ఆపారు, 21న విచారణ పెట్టారు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. దీని వెనకున్న మహత్తరమైన ఆదర్శాన్ని మాత్రం ఎవరూ సరిగ్గా గుర్తించినట్టు లేదు. పరిశోధన అంటే ఒక మేధావి, ఆయన బుర్ర, ఆయన చేతిలో పరీక్షనాళిక. కప్పు, కరెంటు, కాపలా, కమిటీ, ఊడ్చేవాడు, లెక్కలు రాసేవాడు, వీళ్లంతా దండగమారి పరివారం. చెట్టుకింద ప్లీడర్లు మనకు తాతలనాటి నుంచీ తెలుసు. అగ్రరాజ్యం ఇప్పుడు చెట్టుకింద సైంటిస్టును కనిపెట్టింది.

ఇంత గొప్ప ఆలోచనను 15 దగ్గర ఆపేయడమే నాకు నచ్చలేదు. సున్నా చేసి, వైద్య కేంద్రానికొక మర్రిచెట్టు శాంక్షను చేస్తే పీడా పోయేది. అప్పుడు పరిశోధకులకు కేంద్రం నుంచి వారం వారం వచ్చే సర్క్యులరులో, ఈ వారం విశేషాలు, అందుబాటులో ఉన్న వనరులు అన్న శీర్షిక కింద ఇలా ఉంటుంది. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లు తీసేశాం, నమూనాలు ఉట్టిలో పెట్టుకోగలరు, ఉట్టి తాళ్లు ఎవరివి వారే తెచ్చుకోవలెను. ఎలుకలకు ఇండెంటు పెట్టనక్కర్లేదు, తొర్రలో కావలసినన్ని ఉన్నాయి, పట్టుకున్నవారిదే ఎలుక. జంతు సంరక్షణ కమిటీ బాధ్యతలు ఇకనుంచి పిల్లి చూసుకుంటుంది. బయోసేఫ్టీ క్యాబినెట్లు ఉండవు గనక క్షయ మీద పనిచేసేవారు గాలి ఎటు వీస్తోందో చూసి, మిగతావారికి దూరంగా కూర్చోవలెను. ట్రయల్‌లో ఏ రోగికి అసలు మందు, ఏ రోగికి ఉత్త గోళీ అన్నది తేల్చడానికి చిలకజోస్యం ఆయన మంగళ, శుక్రవారాల్లో వస్తాడు. చిలకకు రోగి ఎవరో తెలియదు, జోస్యుడికి మందేదో తెలియదు, కాబట్టి దీన్ని డబుల్ బ్లైండుగానే పరిగణించవచ్చు. ఎథిక్స్ కమిటీ రచ్చబండ మీద సమావేశమవుతుంది, పులిజూదం సగంలో ఉండగా లేపరాదు. జన్యుక్రమాల లెక్కలు మాను మీద బొగ్గుతో వేసుకోవచ్చు గానీ పక్కవారి జన్యువులు చెరపరాదు. వానాకాలం విజ్ఞానశాస్త్రానికి సెలవు.

సర్క్యులరు నా కల్పన. అందులో తీసేసిన సామాను మాత్రం కల్పన కాదు. ఎలుకల గదినే తీసుకోండి. గంటకు 10 నుంచి 15 సార్లు గదిలో గాలి మారాలని ప్రయోగశాల జంతువుల మీద అమెరికా జాతీయ అకాడమీ వారి మార్గదర్శకం చెబుతుంది. ఉష్ణోగ్రత 20 డిగ్రీల కన్నా దిగకూడదు, 26 కన్నా ఎక్కకూడదు. లైట్లు వేళకు వెలిగి వేళకు ఆరాలి, లేకపోతే ఎలుక నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే ఒంట్లో హార్మోన్లు చెడతాయి, మందు పనిచేసిందో నిద్రలేమి పనిచేసిందో తెలియకుండా పోతుంది. క్రిస్మస్ నాడైనా పంజరాలు మార్చే మనిషి రావాలి. ఇప్పుడు ఆ గదిలో పది మంది డాక్టర్ల పది గ్రాంట్ల ఎలుకలున్నాయనుకోండి. గోడలో రాత్రింబవళ్లు తిరిగే ఫ్యాను కరెంటు బిల్లు ఏ గ్రాంటు పేర రాస్తారు? రాయలేరు. అలా ఒక్కరి పేర రాయడానికి వీలుకాని ఖర్చునే ఓవర్‌హెడ్ అన్నారు. అది పనికిమాలినదని కాదు, అందరికీ పనికొచ్చేదని.

కమిటీలు మాత్రం శుద్ధ దండగ కదా అంటారా? 1932 నుంచి 1972 దాకా, అలబామాలోని టస్కెగీలో, ప్రభుత్వ వైద్యులే సిఫిలిస్ ఉన్న పేద నల్లజాతి మగవాళ్లను పోగేసి, రోగం పేరు చెప్పకుండా, పెన్సిలిన్ వచ్చాక అదీ ఇవ్వకుండా, రోగం ఎలా ముదురుతుందో నలభయ్యేళ్లు చూస్తూ కూర్చున్నారు. ఓవర్‌హెడ్ బహు తక్కువ. ఆ సంగతి బయటపడ్డాకే 1974లో చట్టం తెచ్చి, ప్రభుత్వ సొమ్ముతో మనుషుల మీద చేసే పరిశోధనను ముందు ఒక కమిటీ చూడాలన్నారు. ఆ కమిటీకి కాగితాలు సర్దిపెట్టే గుమాస్తా జీతం ఈ 900 కోట్లలోంచే వస్తుంది.

ఇక లెక్క. గ్రాంటు సొమ్ములో 60 శాతం పక్కకు లాగేస్తున్నారని మస్క్ గారు అన్నారు. పరిశోధన ఖర్చు 100 డాలర్లయితే దాని మీద అదనంగా 60 ఇవ్వడాన్ని 60 శాతం రేటు అంటారు. అంటే 160లో 60, శాతంలో చెబితే 37.5. ఆ 100 లెక్కించేటప్పుడు కూడా పెద్ద పరికరాలు, విద్యార్థుల ట్యూషన్ ఫీజు పక్కనబెట్టి, మిగిలినదాని మీదే శాతం కడతారు. ఇదంతా గందరగోళంగా ఉంటే ఎన్‌ఐహెచ్ వారి చాటింపులోని అంకెలే చాలు. 3,500లో 900 అంటే నాలుగో వంతు కన్నా కాస్త ఎక్కువ. రాకెట్లు పైకి పంపే ఆయనకు శాతాలు రావని అనుకునేంత అమాయకులం కాదు. ఆయనకు వచ్చు. వినేవాళ్లకు రావని ఆయన నమ్మకం.

అవతలివాళ్ల వాదనల్లో బలమైనది ఒకటుంది. గేట్స్ ఫౌండేషన్ విశ్వవిద్యాలయాలకు ఓవర్‌హెడ్ 10 శాతానికి మించి ఇవ్వదు, ఆ సొమ్మును కళ్లకద్దుకుని తీసుకునేవాళ్లు ప్రభుత్వాన్ని మాత్రం ఎందుకు పీడిస్తున్నారని. బాగుంది. కానీ ప్రభుత్వం ఓవర్‌హెడ్‌లో వేసే ఖర్చులు కొన్నిటిని ఫౌండేషన్లు నేరుగా గ్రాంటులోనే రాసుకోనిస్తాయి, కాబట్టి రెండు శాతాలూ ఒకే కొలతతో కొలిచినవి కావు. అంతకన్నా ముఖ్యం, ఫౌండేషన్ డబ్బు వచ్చి వాలేది ప్రభుత్వ సొమ్ముతో అప్పటికే నడుస్తున్న భవనంలో. పెద్ద అద్దెదారు ఉన్నాడు గనకనే చిన్న అద్దెదారుకు తక్కువలో సరిపెడుతున్నారు. ఇద్దరూ తక్కువే ఇస్తామంటే ఇల్లు నిలవదు.

రెండోది హార్వర్డ్ ఖజానా. ఐదు వేల కోట్ల డాలర్లకు పైగా మూలనిధి మీద కూర్చున్నవాళ్లకు కరెంటు బిల్లు జనం కట్టాలా? వినడానికి కమ్మగా ఉంటుంది, హార్వర్డ్ మీద జాలిపడమని నేనూ అనను. ఆ నిధిలో చాలా భాగం దాతలు ఫలానా పనికే అని రాసిచ్చిన సొమ్మన్న సంగతి అలా ఉంచండి. ఎన్‌ఐహెచ్ గ్రాంట్లు తీసుకునే సంస్థలు 2,500కు పైగా ఉన్నాయి, హార్వర్డ్ వాటిలో ఒక్కటే. బర్మింగ్‌హామ్‌లోని అలబామా యూనివర్సిటీకి ఆ మాదిరి ఖజానా ఎక్కడిది? ఆ రాష్ట్రంలో ఎక్కువమందికి ఉద్యోగాలిచ్చే సంస్థల్లో అదొకటి. అందుకే అధ్యక్షుడి సొంత పార్టీకే చెందిన ఆ రాష్ట్ర సెనేటర్ కేటీ బ్రిట్ కూడా కాస్త తెలివిగా, చూసి కోయండయ్యా అనాల్సి వచ్చింది. హార్వర్డ్ పేరు చెప్పి కత్తి ఎత్తారు. హార్వర్డ్ ఈ దెబ్బకు కుంటుతుందేమో గానీ బతుకుతుంది.

విశ్వవిద్యాలయాలు సత్తెకాలపువి కావన్న మాట మాత్రం నిజం. 1990, 91ల్లో స్టాన్‌ఫర్డ్ వారు ఒక విలాసనౌక తరుగుదలనూ అధ్యక్షుడి ఇంట్లో పువ్వుల ఖర్చునూ పరిశోధన ఓవర్‌హెడ్‌లో చూపించి దొరికిపోయారు. కాంగ్రెస్‌లో విచారణ జరిగింది, అధ్యక్షుడు డొనాల్డ్ కెనడీ పదవి వదులుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ప్రభుత్వం చేసిన పని చూడండి. ఓవర్‌హెడ్‌ను రెండుగా చీల్చి, ఆఫీసు నిర్వహణ భాగం 26 శాతం దాటకూడదని గీత గీసింది, భవనాలు, పరికరాల భాగాన్ని ఆడిట్ చేసి బేరమాడింది. పడవను పట్టుకుంది, ఫ్రీజర్‌ను వదిలింది. దొంగలెక్క పట్టుకునే విధానం ముప్ఫయ్యేళ్లుగా ఉంది. అది సరిగా పనిచేయడం లేదంటే ఎక్కడ చేయడం లేదో చూపించి బిగించవచ్చు. వీళ్లు చూపించింది ఒక్క శాతం అంకె, అదీ వారాంతంలో.

మనవాళ్లలో ఒకరిద్దరికి ఈపాటికి యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొచ్చి ఉంటారు. భీమవరంలో పుట్టి, బోస్టన్ చేరి, ఆస్పత్రిలో రాత్రి పోర్టరు పని చేసుకుంటూ చదువుకున్న మనిషికి ఏ సౌకర్యాలున్నాయి, సంకల్పం ఉంటే చాలదా అని. చాలదు. పగలు ఆయన పనిచేసింది హార్వర్డ్ వైద్య కళాశాల ప్రయోగశాలలో. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లాక ఆయన వెనక రసాయన శాస్త్రవేత్తల దండు ఉంది. ఆ దండు తయారుచేసిన అమినాప్టెరిన్‌నే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 16 మంది ల్యూకేమియా పిల్లలకు ఇస్తే 10 మందికి గుణం కనిపించిందని 1948లో ప్రకటించారు. కీమోథెరపీ చరిత్రలో అదొక మొదలు. పైగా ఆ రాత్రి పోర్టరు ఉద్యోగం ఏమిటో ఆలోచించండి. ఊడ్చి, కడిగి, మోసేవాళ్ల వరస అది. నేటి చాటింపు భాషలో సుబ్బారావు గారు అమెరికాలో మొదట చేరింది దండగ ఖర్చు పద్దులో.

చెట్టుకింద పరిశోధన ఫలితాలు చూడాలంటే కలలు కననక్కర్లేదు, మన దేశం ఉంది. డాక్టర్ సమీరన్ నందీ, ఆయన సహచరులు 2016లో ఒక లెక్క తీశారు. 2005 నుంచి 2014 వరకు పదేళ్లలో మన 579 వైద్య విద్యాసంస్థల్లో 332 ఒక్క పరిశోధన పత్రం కూడా ప్రచురించలేదు. ఏడాదికి వందకు పైగా పత్రాలు తెచ్చినవి 25. అవే మొత్తంలో 40 శాతం. అదే లెక్కలో అమెరికా మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి ఒక్కటే ఏటా 4,600 పైచిలుకు. మనకు రోగుల తాకిడి ఉంది, బోధన భారం ఉంది, అదంతా ఒప్పుకుంటాను. అయినా ఓపీలో పొద్దుటి నుంచి మూడొందల మందిని చూసిన డాక్టరుకు సాయంత్రం నమూనా దాచుకునే ఫ్రీజర్, గణాంకాలు చూసే మనిషి, ఎథిక్స్ ఫైలు కదిపే ఆఫీసు లేకపోతే ఆయన ఏం చేస్తాడు? ఇంటికి పోతాడు. ఆ 332 కాలేజీల్లో ఓవర్‌హెడ్ ఖర్చు సున్నా. మస్క్ గారు వచ్చి చూసి ఆనందించవచ్చు.

వ్యంగ్యం ఇక చాలు. ఎన్‌ఐహెచ్ వారు పొరపడలేదు, అబద్ధం చెప్పారు. నోటీసులో ఏమో వీలైనంత డబ్బు నేరుగా పరిశోధనకే పోవాలి అని రాశారు. అదే సాయంత్రం చాటింపులో 400 కోట్లు మిగులుతాయన్నారు. పరిశోధనకే పోయే డబ్బు ఎలా మిగులుతుంది? ఏదో ఒకటే నిజం, అది ఏదో వాళ్లకు తెలుసు. 2017లో ఇదే అధ్యక్షుడు ట్రంప్ 10 శాతం అన్నప్పుడు కాంగ్రెస్ ఈ రేట్ల జోలికి పోవద్దని బడ్జెట్ చట్టంలోనే రాసింది, ఏటా రాస్తూనే వచ్చింది. 2018లో ఆ చట్టం మీద సంతకం పెట్టింది కూడా ఆయనే. సోమవారం ఉదయం ట్రయల్ మందు ఎక్కించుకోవాల్సిన క్యాన్సర్ రోగి సంగతి ఆలోచించినట్టు నోటీసులో ఎక్కడా కనబడదు. హెచ్-1బీ వీసా మీద ఉన్న మన పిల్ల పనిచేసే ల్యాబు మూతపడితే వేరే ఉద్యోగం చూసుకోడానికి ఆమెకున్నది 60 రోజులు. ఈ నోటీసు మీద దావా వేసిన 22 రాష్ట్రాల్లో అలబామా లేదు. టస్కెగీ ఉన్న రాష్ట్రం, తన యూనివర్సిటీ ఆస్పత్రిలో ట్రయళ్లు నడుస్తున్న రాష్ట్రం, కోర్టు గడప తొక్కలేదు. మొదటి స్టే ఆ 22కే వర్తించింది. వైద్య కళాశాలల సంఘం వాళ్లు విడిగా కోర్టుకెక్కబట్టి సోమవారం రాత్రికి అది దేశమంతటికీ వచ్చింది. బర్మింగ్‌హామ్ రోగులు ఎన్నుకున్న అటార్నీ జనరల్ వాళ్లకోసం ఒక కాగితం కూడా దాఖలు చేయలేదు.