అతిథి వచ్చాడు, అరకు లేదు

కాంతికంటె వేగంగా ఏ వస్తువూ అంతరాళం గుండా పోలేదని సాపేక్షతా సిద్ధాంతం శాసించగా, ఆ శాసనం వస్తువులకే గాని అంతరాళానికి వర్తించదని వకీలు తెలివితో 1994లో దారి చూపినవాడు మెక్సికో భౌతిక శాస్త్రవేత్త మిగెల్ అల్కుబియెర్రె. ఆయన సమీకరణాల ప్రకారం, వాహనానికి ముందున్న అంతరాళం ముడుచుకొని వెనకనున్నది సాగితే, నడుమ ఏర్పడే ‘వార్ప్ బుడగ’లో వాహనం కదలకుండానే గమ్యం చేరుతుంది, లోపలివాడికి కుదుపైనా తెలియదు. ఇందుకు కావలసిన ఋణశక్తి, అనగా శూన్యానికున్న శక్తికంటె తక్కువ శక్తి, అరకు సంతలోనే కాదు, విశ్వంలో ఎక్కడా అంత మోతాదులో దొరకలేదు.

అయినా ఆ బుడగ దొరికి, అందులో ఒకడు అరకు విహారానికి బయలుదేరాడనుకుందాం. విశాఖపట్నం నుంచి కిరండూల్ పాసింజరు రైలు శిమిలిగూడ వద్ద సుమారు 996 మీటర్ల ఎత్తెక్కి, సొరంగాలన్నిటినీ పలకరించి, దాదాపు నాలుగు గంటలకు అరకు చేరుతుండగా, 115 కిలోమీటర్ల రోడ్డు దూరాన్ని కాంతి సెకనులో 2600వ వంతులో దాటుతుంది. వార్ప్ యాత్రికుడు అంతకంటె ముందే దిగుతాడు. అతనికి బొర్రా గుహలు చూసే భాగ్యమూ, ఘాట్ మలుపుల్లో కడుపు తిప్పే దౌర్భాగ్యమూ రెండూ ఉండవు. చిక్కంతా చుట్టుపక్కల పదార్థానిదే.

బుడగ గోడ వద్ద అంతరాళపు వంపు అడుగడుగునా మారుతుంది గనుక, వస్తువు ఒక కొసను ఒకలా, మరో కొసను మరోలా లాగే ‘టైడల్ బలం’ అనంతగిరి కాఫీ మొక్కనూ, దానికి నీడనిచ్చే సిల్వర్ ఓక్‌నూ, ఆ చెట్టుకు పాకిన మిరియాల తీగనూ పక్షపాతం లేకుండా చీల్చగలదు. అంతకంటె ఘోరాన్ని సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన మెక్‌మోనిగల్, లూయిస్, ఓబర్న్ 2012లో లెక్కగట్టారు: ఎదురైన కణాల్లో కొన్ని బుడగలో చిక్కుకొని, అది ఆగినప్పుడు అపార శక్తితో గమ్యం మీదికి దూసుకుపోతాయి, ప్రయాణం పెరిగేకొద్దీ ఆ శక్తి పెరగడమే గాని దానికి పైహద్దు లేదు. దారంతా ఊడ్చిన చెత్తను చుట్టాల గుమ్మంలో కుమ్మరించడం వంటి మర్యాద ఇది. నక్షత్రాల మధ్య ఘన సెంటీమీటరుకు ఒక పరమాణువు చొప్పున ఉంటే, కనుమల గాలిలో అంతే చోట రెండు లక్షల కోటి కోట్లకు పైగా అణువులుంటాయి గనుక, బొంగు చికెన్ కోసం వచ్చిన అతిథి దిగేసరికి చికెనూ, బొంగూ, పొయ్యీ, పొయ్యి వెనక కొండా కలిసే ఉడికిపోతాయి. అతని చొక్కా మాత్రం నలగదు.

పైగా, కాంతిని మించిన బుడగలో కూర్చున్నవాడు పంపే ఏ సంకేతమూ దాని ముందుగోడను చేరలేదు. అంటే మలుపులో హారన్ కొట్టడానికీ, బ్రేకు తొక్కడానికీ వీలులేదు. బుడగను నడిపే, ఆపే ఏర్పాట్లను కాంతికంటె తక్కువ వేగంతో వెళ్లినవారెవరో ముందుగానే మార్గమంతటా అమర్చి ఉండాలి. ఆ మిస్త్రీలు అరకు చేరేదెలా అన్న ప్రశ్నకు భౌతిక శాస్త్రమూ, రైల్వే శాఖా ఏకగ్రీవంగా చెప్పగల సమాధానం ప్రస్తుతానికి కిరండూల్ పాసింజరు ఒక్కటే.