బీరువాలో పట్టకపోవడమే దాని సుగుణం

మన శాఖా గ్రంథాలయాలకు ఆధునికత వచ్చేసింది. అట్టపెట్టెల్లో వచ్చింది. నాలుగు ల్యాప్‌టాప్‌లు, నాలుగు ఛార్జర్లు, భుజాన తగిలించుకోవడానికి నాలుగు నల్ల సంచులు. పాత డెస్క్‌టాప్‌లు జాగా తింటున్నాయట, కరెంటు తాగుతున్నాయట, తనిఖీకి వచ్చినవాళ్ల ముందు నామోషీగా ఉంటోందట. అందుకని వాటిని మెట్ల కిందికి తోసేసి, బల్లలు తుడిచి, కొత్తవాటికి రిబ్బను కట్టారు. ముఖ్య అతిథిగారు రిబ్బను కత్తిరించి, మూత తెరిచి, బటన్ నొక్కారు. తెర వెలగలేదు. ముందు రోజు ఛార్జింగ్ పెట్టాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఫొటోకి అదేం అడ్డం కాదు లెండి, ఫొటోలో మూత వెనకవైపే కదా పడేది.

ఇలాంటి వేడుక ఎక్కడ జరిగినా వినిపించే వాదనలు మాత్రం అవే. మొదటిది జాగా. డెస్క్‌టాప్ తీసేస్తే బల్ల మీద జాగా మిగులుతుందని. మిగిలింది, కాదనను. అదే బల్ల, అదే కుర్చీ, గోడకి అదే ప్లగ్గు, ప్లగ్గుకి మూరెడు దూరంలో ల్యాప్‌టాప్. బల్ల కింద సీపీయూ ఉండే చోట ఇప్పుడు ఎక్స్‌టెన్షన్ బాక్సు, దాన్నిండా చిక్కుపడ్డ ఛార్జర్ వైర్లు. బల్ల మీద మిగిలిన ఆ జానెడు జాగాలో పాత దినపత్రికల కట్టలు పేర్చారు. పాఠకుడికి మాత్రం అదనంగా ఒక కుర్చీ కూడా పడలేదు.

కరెంటు లెక్క ఇంకా రసవత్తరం. డెస్క్‌టాప్, మానిటర్ కలిపి 100 వాట్లు లాగుతాయనుకుందాం. ల్యాప్‌టాప్ 40. తేడా 60 వాట్లు. శాఖా గ్రంథాలయం చాలాచోట్ల పొద్దున 8 నుంచి 11 దాకా, సాయంత్రం 4 నుంచి 7 దాకా. రోజుకు ఆరు గంటలు. శుక్రవారాలూ పండగలూ పోను ఏడాదికి 300 రోజులు వేద్దాం, ల్యాప్‌టాప్ పక్షాన కాస్త ఉదారంగానే. ఒక్కో దానిమీద ఏటా 108 యూనిట్లు ఆదా. యూనిట్ 8 రూపాయల చొప్పున 864 రూపాయలు. నాలుగింటికీ కలిపి 3,456. ఒక్కోటి 45,000 అనుకుంటే నాలుగు ల్యాప్‌టాప్‌ల ఖరీదు లక్షా 80 వేలు. అంటే కరెంటు బిల్లులో మిగిల్చిన డబ్బుతో ఆ సొమ్ము రాబట్టుకోవడానికి 52 ఏళ్లు పడుతుంది. బ్యాటరీ మూడు నాలుగేళ్లకే చేతులెత్తేస్తుంది గానీ, గ్రంథాలయోద్యమం చూసిన జాతి మనది, ఓపిక పట్టలేమా?

"మరి కరెంటు పోతేనో?" అంటారు. ఉన్న వాదనల్లో ఇదొక్కటే న్యాయమైనది, ఒప్పుకోవాలి. డెస్క్‌టాప్‌లకిచ్చిన యూపీఎస్‌ల బ్యాటరీలు ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి. కరెంటు పోగానే సగం నింపిన దరఖాస్తు గంగలో కలుస్తుంది. ల్యాప్‌టాప్ అలా కాదు, వెలుగుతూనే ఉంటుంది. ఆరిపోయేది రూటర్. తెర మీద ఫీజు కట్టే పేజీలో చక్రం తిరుగుతూ ఉంటుంది, నెత్తిన ఫ్యాను మాత్రం తిరగదు, దోమలు తమ పని తాము చూసుకుంటాయి. రూటర్‌కి తగిలించే చిన్న యూపీఎస్ రెండు వేలకి అటూ ఇటూగా దొరుకుతుంది. నాలుగు ల్యాప్‌టాప్‌ల ప్రతిపాదనలో ఆ ముక్క ఎవరైనా రాశారా? రాయరు. అరచేతిలో పట్టే ఆ డబ్బాకి రిబ్బను కట్టి ఎవర్ని పిలుస్తారు?

అసలు కథ రిబ్బను కత్తిరించాక మొదలవుతుంది. వారం తిరక్కుండానే ఎవరో అనుభవజ్ఞుడు అడుగుతాడు: "ఎవడైనా సంచిలో వేసుకుపోతే?" నిజమే, ఎక్కడికైనా మోసుకుపోవచ్చన్నదే కదా దాని గొప్ప, ఆ గొప్ప దొంగకీ తెలుసు. దాంతో కెన్సింగ్టన్ లాకులు వస్తాయి. అంటే ఒక ఇనప తాడు, ఒక తాళం. ఒక కొస ల్యాప్‌టాప్ పక్కనున్న చిన్న కంతలోకి, రెండో కొస బల్ల కాలికి. కదిలే యంత్రం కావాలని కొని, కదలకుండా కట్టేశాం. తర్వాత ఎవరో టచ్‌ప్యాడ్ మీద వేలు జరపడం చేతకాక తిప్పలు పడుతుంటే మౌసు కొంటారు. కీబోర్డులో స్పేస్ బార్ పడిపోతే విడి కీబోర్డు కొంటారు. వంగి వంగి చూసి మెడలు పట్టేస్తున్నాయని కింద స్టాండు పెడతారు. తెర చిన్నదని పెన్షనర్లు గొడవ పెడితే మెట్ల కింద నుంచి పాత మానిటర్ తెచ్చి తగిలిస్తారు. ఇప్పుడు బల్ల మీద ఉన్నదాన్ని ఒకసారి ఎగాదిగా చూడండి. అది డెస్క్‌టాపే. రెట్టింపు ఖరీదులో సాధించాం.

ఆ ఇనప తాడు చూస్తే ఎస్.ఆర్. రంగనాథన్‌గారు గుర్తొస్తారు. 1931లో వచ్చిన తన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాల గ్రంథంలో మొదటి సూత్రాన్ని వివరించబోతూ ఆయన ఎత్తుకున్నది గొలుసుల కథే. వెనకటికి ఐరోపాలో గ్రంథాలయాల పుస్తకాలను గొలుసులతో అరలకు బిగించేవారు. ఇంగ్లండులో హెర్‌ఫర్డ్ కెథడ్రల్‌లో అలాంటి గ్రంథాలయం ఇప్పటికీ ఉంది, చూడ్డానికి యాత్రికులు వెళ్తుంటారు. పుస్తకం పుట్టింది దాచడానికి కాదు, వాడుకోవడానికి అన్నది రంగనాథన్‌గారి మొదటి సూత్రం సారం. అయితే గొలుసు కట్టినా ఆ పుస్తకం బల్ల దాకా వచ్చేది, వచ్చినవాడు కూర్చుని చదువుకునేవాడు. మనం ఇంకో మెట్టు పైకెక్కాం. మనకి బీరువా ఉంది.

డెస్క్‌టాప్‌లో సవాలక్ష లోపాలుండొచ్చు. మోత, వేడి, దుమ్ము, వెనకాల వైర్ల అడవి. కానీ దానికో గొప్ప సుగుణం ఉంది, కొనేవాళ్లకి ఎప్పుడూ కనబడనిది. అది గాడ్రెజ్ బీరువాలో పట్టదు. తలుపేసి తాళం పెట్టడానికి వీలుకాదు కాబట్టి గదిలో బల్ల మీదే ఉండాలి. బల్ల మీద ఉంది కాబట్టి ఎవరో ఒకరు కూర్చుంటారు. సాయంత్రం పూట కూర్చున్నవాణ్ణి లేపడం కష్టం. ఇన్నాళ్లూ పాఠకుడికి కంప్యూటర్ దక్కిందంటే అది ఏ పాలసీ పుణ్యమూ కాదు, ఆ సీపీయూ డబ్బా లావు పుణ్యం.

ల్యాప్‌టాప్ సన్నం. రెండో అరలో, స్టాక్ రిజిస్టర్ల పక్కన, నాలుగూ ఒకదాని మీద ఒకటి ఇమిడిపోతాయి. ఇనప తాళ్లు కూడా వాటి పైనే చుట్టి పెట్టొచ్చు. ఇక సంభాషణ ఇలా సాగుతుంది:

"సార్, కంప్యూటర్ కావాలండి. అప్లికేషన్ పెట్టుకోవాలి."

"మెంబర్‌షిప్ కార్డుందామ్మా?"

"ఉందండి."

"ఆధార్ జిరాక్స్?"

"తెచ్చానండి."

"ఛార్జింగ్ లేదమ్మా. రేపు రా."

"రేపు శుక్రవారం కదండీ."

"అయితే ఎల్లుండి రా."

"లాస్ట్ డేట్ రేపేనండి."

"అలాగైతే ఎదురుగా నెట్ సెంటరుంది చూడు."

గ్రంథపాలకుణ్ణి తిట్టుకోకండి. పాపం, ఆయన ఒక్కడే మనిషి, చాలాచోట్ల పక్క ఊరి గ్రంథాలయానికి కూడా ఇన్‌చార్జి. తలుపు తీసేదీ ఆయనే, పేపర్లు సర్దేదీ ఆయనే. నాలుగు ల్యాప్‌టాప్‌లూ స్టాక్ రిజిస్టర్‌లో ఆయన సంతకం కింద ఉన్నాయి. ఒకటి పోతే రికవరీ ఎవరి జీతంలోంచో ఆయనకి తెలుసు. పాఠకులు వాడుకోలేదని మెమో అందుకున్న గ్రంథపాలకుణ్ణి నేను చూడలేదు. వస్తువు కనబడకపోతే మెమో రాకుండా ఉండదు. ఈ రెండూ తెలిసిన మనిషి బీరువాకి తాళం వేయకపోతేనే ఆశ్చర్యపోవాలి. నేనైనా వేస్తాను. ఏటా వెరిఫికేషన్‌కి వచ్చిన అధికారి బీరువా తీయించి, నాలుగు లెక్కపెట్టి, అన్నీ కొత్తవాటిలా ఉన్నాయని మెచ్చుకుని వెళ్తారు. కొత్తవాటిలా ఎందుకుండవు?

ఆ ఎదురు నెట్ సెంటర్‌కి వెళ్లిన అమ్మాయి సంగతి ఎవరికీ పట్టదు. గ్రంథాలయంలో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు ఎవరో ఓసారి చూడండి. గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ పోస్టులకీ చదువుకుంటున్న పిల్లలు. వాళ్ల పుస్తకాలు వాళ్లే తెచ్చుకుంటారు, గ్రంథాలయంలో వాళ్లకి కావలసింది కుర్చీ, ఫ్యాను, ఈ కంప్యూటర్. ఫోనుంది కదా అంటారు. ఫోనులో దరఖాస్తు నింపి చూశారా? ఫొటో ఇన్ని కేబీల లోపు, సంతకం అన్ని కేబీల లోపు అంటుంది. తెల్ల కాగితం మీద సంతకం పెట్టి, ఫొటో తీసి, అంచులు కత్తిరించి, సైజు తగ్గించి ఎక్కిస్తే సంతకం మసగ్గా ఉందంటుంది. మళ్లీ తీసి ఎక్కించేలోపు సెషన్ ముగిసిందంటుంది, అడ్రసుతో సహా మళ్లీ మొదటి నుంచి కొట్టుకోవాలి. పెద్ద తెర, పూర్తి కీబోర్డు ఉంటే పావుగంట పని. నెట్ సెంటర్లో అదే పనికి యాభయ్యో వందో తీసుకుంటారు, తండ్రి పేరులో అక్షరం తప్పు కొడతారు. ఆ తప్పు హాల్‌టికెట్ వచ్చాక గాని బయటపడదు.

ఇంతకీ పాత డెస్క్‌టాప్‌లు నిజంగా పనికిరాకుండా పోయాయా? ఈమధ్య చెబుతున్న కారణం విండోస్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరమో ఆ పైదో అయ్యుండాలి. మన పాత మిషన్లకి ఆ రెండూ ఉండవు. కాబట్టి పారేద్దామన్నారు. అమెరికాలో ఒక కంపెనీ తీర్మానానికి మన మెట్ల కింద తద్దినం. ఆ మిషన్లకి హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేసి, ర్యామ్ కాస్త పెంచి, లినక్స్ ఎక్కిస్తే దరఖాస్తులకీ, ఫలితాలు చూసుకోవడానికీ, పాత ప్రశ్నపత్రాలు దించుకోవడానికీ హాయిగా పనికొస్తాయి. ఒక్క ల్యాప్‌టాప్ ఖరీదుతో నాలుగింటికీ ప్రాణం పోయొచ్చు. లినక్స్ అంటే జనానికి అలవాటు లేదంటారు. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి దానిమీదే నేర్చుకుంటున్నారు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవాళ్లు తెలుగులోనే కనబడే లినక్స్ తయారు చేసి పెట్టారు. అయినా మన పాఠకుడు తెరిచేది ఒక్క బ్రౌజరే, దాని వెనక ఏ సిస్టముందో అతనికెందుకు?

రిపేరు సంగతి కూడా ఓ ముక్క. బండి చక్రం విరిగితే చక్రం మారుస్తాం, బండిని కాదు. డెస్క్‌టాప్ ఆ బండి జాతిది. కీబోర్డు పాడైతే నాలుగైదొందలు పెట్టి బజార్లో కొనుక్కొచ్చి గుచ్చడమే, మండల కేంద్రంలో కూడా దొరుకుతుంది. పదిమంది మూత తీసీ వేసీ ల్యాప్‌టాప్ కీలు వదులైతే మూతంతా విప్పాలి. కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచుదామన్నా కుదరదు. రోజంతా ప్లగ్గులోనే ఉంచి నూటికి నూరు ఛార్జింగ్ మీద నడిపిస్తే బ్యాటరీ తొందరగా చెడుతుంది, ఒక్కోసారి ఉబ్బి టచ్‌ప్యాడ్‌ని పైకి తోసేస్తుంది. అప్పుడు సర్వీసు వాళ్లకి ఫోను చేస్తే ల్యాప్‌టాప్‌ని జిల్లా కేంద్రానికి పంపమంటారు. ఆ నల్ల సంచి ఎందుకిచ్చారో అప్పుడు అర్థమవుతుంది.

"మొబిలిటీ, మొబిలిటీ" అని ప్రెజెంటేషన్‌లో ఓ స్లైడు ఉంటుంది. కదలడమంటే ఏమిటో ఈ నేలకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్యగారు అందులో పెట్టిన ప్రాణం తెలియని గ్రంథపాలకుడు ఉండడు. 1935లో పాతూరి నాగభూషణంగారు పుస్తకాలను పడవకెత్తించి పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కృష్ణా కాలవ మీద ఊరూరా తిప్పించారు. పుస్తకం కదిలి చదివేవాడి దగ్గరికి వెళ్లడమంటే అది. మనవాళ్ల మొబిలిటీ బీరువాలోంచి బల్ల మీదికి, బల్ల మీంచి బీరువాలోకి. అదీ తనిఖీ రోజున.

ఇదంతా ఎవరి డబ్బు? 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. వసూలు చేసే పంచాయతీలూ మున్సిపాలిటీలూ దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి. చాలాచోట్ల ఏళ్ల తరబడి బకాయిలే. అలా చుక్కచుక్కగా వచ్చినదాంతో ఏం చేయాలి? పొద్దున 11కి మూసేసే గదిని మధ్యాహ్నం కూడా తెరిచి ఉంచడానికి ఇంకో మనిషిని పెట్టొచ్చు. కానీ మనిషి ఉంటే నెలనెలా జీతమివ్వాలి. ల్యాప్‌టాప్ ఒకసారి కొంటే సరి, జీతం అడగదు, బదిలీ అడగదు, బీరువాలో పెడితే నోరెత్తదు.

వచ్చే బడ్జెట్‌లో ట్యాబ్‌ల ప్రతిపాదన ఉండొచ్చని వినికిడి. మంచిదే. వాటికి బీరువా కూడా అక్కర్లేదు, టేబుల్ సొరుగు చాలు.